ఆకలి గడిలో ఇరవై రెండు

లైల్ హాక్‌బర్త్ కారు డిక్కీలో ఎప్పుడూ మూడు జతల బూట్లుండేవి. మంచుకి ఒకటి, బురదకి ఒకటి, కాలేజీ కోచ్‌ల గదుల్లో మర్యాదగా కూర్చోవడానికి ఒకటి. ఇరవై ఏడేళ్లపాటు ఆయన మా మిల్వాకీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి స్కౌట్. మినసోటా, రెండు డకోటాలు, అయోవా, మిషిగన్ ఉత్తర కొస ఆయన వంతు. ఏదో చిన్న కాలేజీలో ఒక కుర్రాడు బాగా ఆడుతున్నాడని తెలిస్తే ఆరు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి, కంచె పట్టుకుని నిలబడి చూసి, రిపోర్టు రాసి పంపేవాడు. అదే ఆయన ఉద్యోగం.

కూతురు పుట్టిన రోజున ఆయన ఫార్గోలో ఒక ప్రాక్టీసు చూస్తున్నాడు. పెట్రోలు బంకులో ఉన్న ఫోన్లో కబురు తెలిసిందట. "ఆ రోజు ఎవణ్ణి చూడ్డానికి వెళ్లానో గుర్తులేదు. పెట్రోలు బంకు మాత్రం బాగా గుర్తుంది," అనేవాడు.

నేను అదే జట్టులో లెక్కలు చూసేదాన్ని. గణాంకశాస్త్రం చదువుకుని, ఆటగాళ్ల గురించి ఉన్న సమాచారాన్నంతా అంకెలుగా మార్చే పనిలో చేరాను. చేరిన మొదటి రోజే లైల్ నా గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఏమ్మా ప్రొఫెసరూ, నువ్వెప్పుడైనా మైదానం పక్కన వానలో నిలబడ్డావా?"

"లేదండీ."

"అదృష్టవంతురాలివి. నీ అంకెలు తడవవు."

ఆ రోజు నుంచి నేను ఆయనకి ప్రొఫెసరమ్మనే.

శుక్రవారాలు ఆఫీసువాళ్లమంతా చేపల వేపుడు తినడానికి వెళ్తే, పక్క బల్ల దగ్గరివాళ్లు మా చొక్కాల మీద జట్టు గుర్తు చూసి అడిగేవాళ్లు. అసలు ఆటగాళ్లని ఎంచుకునేది ఎవరు, ఓనరా, మేనేజరా, కోచా అని. లైల్ బంగాళదుంప ముక్క నములుతూ చెప్పేవాడు. "ఆ గదిలో ఇరవై మందిమి ఉంటాం బాబూ. మంచోణ్ణి తెస్తే ఇరవై మందిమీ తెచ్చినట్టు. పనికిరానివాణ్ణి తెస్తే నేనొక్కణ్ణే తెచ్చినట్టు."

అందరూ నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా పాల్ రోర్క్ నవ్వేవాడు. రోర్క్ మా జనరల్ మేనేజరు. వయసులో లైల్ కంటే పదిహేడేళ్లు చిన్న. కాగితం మీద చూస్తే ఏప్రిల్ ఆఖరున జరిగే డ్రాఫ్టులో, అన్ని జట్లూ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే ఆ మూడు రోజుల్లో, మా జట్టు తరఫున నిర్ణయం రోర్క్‌ది.

మా ఆఫీసులో స్కౌట్ల రిపోర్టుకి ఒక పద్ధతుంది. నాలుగు పేజీలు ఏమైనా రాయొచ్చు గానీ, చిట్టచివర ఒక గడి ఉంటుంది. అందులో ఆ కుర్రాడి గురించి ఒకే ఒక్క వాక్యం రాయాలి. ఎప్పుడో బడ్ ష్రేడర్ అనే మేనేజరు ఉండేవాడట. ఆయన నాలుగు పేజీలు చదివే రకం కాదు, ఆ గడి ఒక్కటే చదివేవాడు. ష్రేడర్ పోయినా గడి ఉండిపోయింది.

రోర్క్ వచ్చాక ఆ గడులన్నిటినీ ఏదైనా లెక్కకి వాడమని నాకు చెప్పాడు. పాతికేళ్ల రిపోర్టులు కంప్యూటర్‌కి ఎక్కించాం. చివరి గడిలో ఏ మాటలు పడినవాళ్లు తర్వాత ఆటలో నిలబడ్డారు, ఏ మాటలు పడినవాళ్లు ఆనవాలు లేకుండా పోయారు అన్నది అది తనంతట తనే నేర్చుకుంది. కొత్త రిపోర్టు వస్తే ఆ వాక్యాన్ని చదివి సున్నా నుంచి వంద దాకా ఒక అంకె ఇస్తుంది. రోర్క్ దానికి 'ఆకలి' అని పేరు పెట్టాడు.

"ఈ ఆట లేకపోతే చచ్చిపోతాం అనుకునేవాళ్లు కావాలి నాకు," అనేవాడు.

పేరు నాది కాదు. పని నాదే. రెండేళ్లు ఆ అంకె గురించి ఎవరేమన్నా నేనే అడ్డుపడి సమర్థించాను.

నాకు పాప పుట్టి, తిరిగి ఉద్యోగంలో చేరిన చలికాలం అది. పేరు ఐడా. పాలు సరిగ్గా తాగేది కాదు. పిల్లల డాక్టరు దగ్గర గీతలున్న కాగితం ఒకటి ఉంటుంది. దాని ప్రకారం వంద మంది పిల్లల్లో తొంభై ఆరుగురు మా ఐడా కంటే బరువు. నేను ఆ గీతని నా ఫోన్లో పెట్టుకుని రోజుకి పదిసార్లు చూసుకునేదాన్ని. డేకేర్‌లో జ్వరమని ఫోన్ వస్తే ఐడాని ఆఫీసుకే తెచ్చుకునేదాన్ని. అలాంటప్పుడు లైల్ వచ్చి, ఉయ్యాల బుట్ట ముందు మోకాళ్ల మీద కూర్చునేవాడు.

"డాక్టరు దీన్ని ఎన్నిసార్లు చూశాడు?"

"మూడుసార్లు."

"మూడుసార్లు చూసి ఏం చెప్తాడమ్మా? నేను ఏడుసార్లు చూడందే నోరు విప్పను." జేబులోంచి ఖాళీ రిపోర్టు కార్డు తీసి బుట్ట అంచు మీద పెట్టుకుని రాసేవాడు. "చేతులు, పట్టు గట్టిది. నా కళ్లజోడు లాగేసింది. పాదాలకి ఇంకా పని చెప్పలేదు. నోరు, మైదానం అవతలికి వినబడుతుంది."

"చివరి గడి?"

"ఏడోసారి చూశాక."

ఆ చలికాలమే ఆయన ఐజాక్ నీమి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మిషిగన్ ఉత్తర కొసన, ఏడాదిలో అయిదు నెలలు మంచు కింద ఉండే ఊళ్లో ఒక చిన్న కాలేజీ. దానికి ఇంకే జట్టు స్కౌటూ ఒక్కసారికి మించి వెళ్లలేదు. నీమి వాళ్లది పాడి పశువుల కుటుంబం. కుర్రాడు ఆరడుగుల అయిదంగుళాలు. బంతి విసిరేవాణ్ణి కాపాడే ఆటగాళ్ల వరసలో ఎడమ కొస అతనిది. లైల్ అతన్ని ఏడుసార్లు చూశాడు. నాలుగోసారి వెళ్లినప్పుడు ప్రాక్టీసు రద్దయిందట. కుర్రాడు ఇంటి దగ్గర అడ్డం తిరిగిన దూడని ఆవు కడుపులోంచి తీస్తుంటే కొట్టంలో నిలబడి చూశాడట.

"ఆ చేతులు చూశావా ప్రొఫెసరమ్మా? మోచేతి దాకా లోపల పెట్టాడు. ఆవు తన్నుతోంది. వాడి పాదాలు అంగుళం కదల్లేదు. దూడ బయటపడ్డాక తల్లి పేస్టీలు తెచ్చింది, మాంసం పెట్టినవి, వేడివేడివి. వాడు చేతులు కడుక్కుని నాకు ముందు పెట్టాకే తను తిన్నాడు. ఇరవై ఏడేళ్లలో అలాంటివాణ్ణి చూళ్లేదు."

నీమికి పశువుల డాక్టరు చదువులో సీటు వచ్చింది. ఏ జట్టయినా ఎంచుకుంటే ఆ చదువు వాయిదా వేసుకుంటాడు. ఎవరూ ఎంచుకోకపోతే డ్రాఫ్టు ముగిసిన సాయంత్రానికల్లా కాలేజీకి మాట చెప్పాలి. "ఎవరూ పిలవకపోతే ఆశ పెట్టుకుని కూర్చోకురా, వెళ్లి చదువుకో," అని లైలే చెప్పాడు. ఎవరూ పిలవకపోవడమనేది జరగదని ఆయన నమ్మకం. ప్రతి స్కౌటుకీ ఏడాదికి ఒక ఎర్ర అయస్కాంతం ఇస్తారు. డ్రాఫ్టు గది గోడ మీద కుర్రాళ్ల పేరు పలకలుంటాయి. 'ఇతనికి నేను పూచీ' అనుకున్న ఒక్కడి పలక మీద దాన్ని అంటించుకోవచ్చు. తొమ్మిదేళ్లుగా లైల్ తన అయస్కాంతాన్ని వాడనే లేదు. ఆ ఏడు నీమి పేరు మీద పెట్టాడు. స్కౌట్ల ఒప్పందాలు డ్రాఫ్టు తర్వాత మే నెలలో ముగుస్తాయి. ఆయనకి అరవై ఒకటి. అదే ఆఖరి ఏడని ఆయనకి తెలుసు, మాకూ తెలుసు. వెళ్లేలోగా ఆ ఒక్క కుర్రాణ్ణి గోడ మీంచి దించి జట్టులో పెట్టాలి. ఆయన అడిగింది అంతే.

డ్రాఫ్టు మూడో రోజు, శనివారం మధ్యాహ్నం, ఆరో రౌండు. మా వంతు వచ్చింది. వంతుకి అయిదు నిమిషాలు. గోడ నిండా అంటించిన పేరు పలకల్లో సగం ఖాళీ అయిపోయాయి. నీమి పలక ఇంకా ఉంది, ఎర్ర అయస్కాంతంతో. కోచ్‌కి బంతి విసిరేవాణ్ణి కాపాడే వరసలో మనిషి కావాలి. రోర్క్ లేచి వెళ్లి ఆ పలకని పట్టి లాగాడు. టక్‌మని శబ్దమైంది. పలక ఆయన చేతిలోకి వచ్చేసింది. లైల్ కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగాడు.

"ఆకలి ఎంత?" అన్నాడు రోర్క్, నా వైపు తిరగకుండానే.

"ఇరవై రెండు."

"ఇరవై రెండా? ఏం రాశారేంటి?"

తెర మీద కంప్యూటర్ ఎర్రగా గీసిన మాటలు కనబడుతున్నాయి. పైకి చదివాను. "ఫుట్‌బాల్ రేపే ఆగిపోయినా ఈ కుర్రాడు నిలబడతాడు. అందుకే ఫుట్‌బాల్‌లోనూ నిలబడతాడు."

"మెచ్చుకుంటూ రాశాను పాల్," అన్నాడు లైల్.

"ఇది మెచ్చుకోలా? లైల్, వీడికి మనతో పనిలేదని నువ్వే చెప్తున్నావు కదయ్యా!"

"వాడికి భయం లేదని చెప్తున్నా. భయపడేవాడు మూడో ఏడు పారిపోతాడు."

"ఇరవై రెండు," అన్నాడు రోర్క్. "మొత్తం గోడ మీద ఇంత తక్కువ ఎవడికైనా ఉందా?"

ఆ ప్రశ్న నాకు. నేను చెప్పాల్సింది ఒకటుంది. ఒక్క వాక్యాన్ని బట్టి తేల్చిన అంకెని అంత నమ్మకూడదని, ఇలా మెచ్చుకున్న వాక్యాలు దానికి పెద్దగా తెలియవని. మూడు నిమిషాలు మిగిలున్నాయి. రెండేళ్లు ఆ అంకెని కాపాడినదాన్ని ఆ గదిలో ఇరవై మంది ముందు ఎలా తోసిపుచ్చను?

"లేదు," అన్నాను.

రోర్క్ పలకని గోడకి తిరిగి అంటించాడు. ఎర్ర అయస్కాంతం జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు. మేము అలబామా నుంచి ఇంకో కుర్రాణ్ణి తీసుకున్నాం. ఆకలి డెబ్భై తొమ్మిది.

ఆఖరిదైన ఏడో రౌండులోనూ నీమిని ఎవరూ తీసుకోలేదు. డ్రాఫ్టు ముగిశాక మిగిలిపోయినవాళ్లకి జట్లు నేరుగా ఫోన్లు చేసుకుంటాయి. అప్పుడు రోర్క్ లైల్ భుజం మీద చెయ్యి వేసి, "సరే, నీ పాడి రైతుని పిలుచుకో. శిక్షణ క్యాంపులో ఒక చోటు ఇద్దాం," అన్నాడు. మనసులో చెడ్డవాడు కాదు. నేనే నంబరు నొక్కాను. ఫోన్ బల్ల మీద పెట్టాం.

"ఐజాక్, నేనురా, లైల్‌ని."

"హాక్‌బర్త్ గారూ! బాగున్నారా?"

"బాగున్నా. ఒరేయ్, మా క్యాంపుకి వచ్చెయ్. రేపు కాగితాలు పంపిస్తారు."

అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్నారు.

"నేను కాలేజీకి ఫోన్ చేసి వస్తానని చెప్పేశానండీ."

"ఎప్పుడు?"

"పావుగంటైంది. ఊళ్లోవాళ్లంతా వచ్చారండీ పొద్దున. అమ్మ నూటయాభై పేస్టీలు చేసింది. ఆరో రౌండులో మీ జట్టు వంతు వచ్చినప్పుడు నాన్న టీవీ సౌండు పెంచాడు. తర్వాత... అందరూ మెల్లగా వెళ్లిపోయారు."

"ఇంకోసారి ఫోన్ చేసి చెప్పు నాయనా. మనసు మారిందని చెప్పు. వాళ్లేం అనుకోరు."

"నా సీటు కోసం ఇంకో అమ్మాయి ఎదురు చూస్తోందట. ఆమెకి లేదని చెప్పేసి ఉంటారు. మాటిచ్చేశానండీ." ఆగి మళ్లీ అన్నాడు. "మీరే కదండీ చెప్పారు, పిలవకపోతే కూర్చోకని. మీమీద కోపమేం లేదు. మీరు ఏడుసార్లు వచ్చారు. ఆ మంచులో ఏడుసార్లు ఎవరొస్తారు?"

నేనే ఫోన్ పెట్టేశాను.

"చూశావా?" అన్నాడు రోర్క్. గొంతులో హేళన లేదు. "అంకె తప్పు చెప్పలేదు."

"ఆరో రౌండులో పేరు పెట్టి పిలిచుంటే పరిగెత్తుకుంటూ వచ్చేవాడు పాల్." లైల్ వంగి నేల మీద ఎర్ర అయస్కాంతం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత ఆయన్ని పిలిచి ఒప్పందం పొడిగించడం లేదని చెప్పారు. బయటికొచ్చి నన్ను చూసి, "నన్నూ ఎవరూ ఎంచుకోలేదు ప్రొఫెసరమ్మా," అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. నా గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"ఒక్క సంగతి చెప్పు. నా వాక్యం చదివి ఇరవై రెండు ఇచ్చిందే నీ కంప్యూటరు, ఆ మాట చెడ్డదని దానికి ఎవరు నేర్పారు?"

"పాత రిపోర్టులు."

"ఎవరివి?"

చూసి చెప్తానన్నాను. రెండు రోజులు చూశాను.

'ఆట లేకపోయినా బతుకుతాడు. వద్దు.' ఆ మాట మొదటిసారి కనబడింది ఇరవై నాలుగేళ్ల కిందటి రిపోర్టులో. రాసింది లైల్ హాక్‌బర్త్. ఆ తర్వాత ఏడేళ్లలో ఆయనే పదకొండుసార్లు రాశాడు. ఆయన్ని చూసి మిగతా స్కౌట్లు నూట నలభై సార్లు రాశారు. ఆ కుర్రాళ్లని మా జట్టు తీసుకోలేదు. వాళ్లలో చాలామందిని ఇంకెవరూ తీసుకోలేదు. కంప్యూటర్ దగ్గరున్న లెక్కలో వాళ్లు ఆనవాలు లేకుండా పోయినవాళ్లు. ఆడి ఓడిపోయారో, అసలు ఆడనివ్వలేదో దానికి తెలియదు. ఆ తేడా దానికి చెప్పాల్సింది నేను. మేము వద్దన్నవాళ్లని ఓడినవాళ్ల కింద లెక్కగట్టాను. మొదటి ఏడు చదువుకునే విద్యార్థి కూడా చేయకూడని తప్పు.

అబద్ధం చెప్పొచ్చు. ష్రేడర్ పేరు చెప్తే సరిపోయేది. కానీ ఆయన మంచులో ఏడుసార్లు నిలబడి చూసే మనిషి. తెర ఆయన వైపు తిప్పాను.

చాలాసేపు చదివాడు.

"అంటే నేనే," అన్నాడు.

"మీరొక్కరే కాదు..."

"మూడో ఏడు నేను ఒకణ్ణి తెచ్చాను. అయోవా వాడు. క్యాంపులో తొమ్మిది రోజులుండి ఇంటికెళ్లిపోయాడు. ష్రేడర్ అందరి ముందూ నన్ను నిలబెట్టి, ఆటగాణ్ణి తెమ్మంటే రైతుని తెచ్చావేంట్రా అన్నాడు. నాకప్పటికి ఇంట్లో రెండేళ్ల పిల్ల. ఉద్యోగం పోతే ఎట్లా అని భయం. అప్పుడు రాయడం మొదలుపెట్టాను. వాడికి నచ్చింది. అందరికీ చదివి వినిపించాడు." వేలితో తెర మీద ఒక పేరు తాకాడు. "ఇతను బ్యాండు మాస్టారు కావాలనుకున్నాడు. సూ ఫాల్స్‌లో. ట్రంపెట్ ఎంత బాగా వాయించేవాడో! నాలుగు మాటల్లో పక్కన పడేశాను."

"తర్వాత మానేశారుగా."

"ఆకలి ఒక్కటే ఉన్నవాణ్ణి ఒకణ్ణి తెచ్చాను. రెండో ఏడు మోకాలు పోయింది. చూడ్డానికి వెళ్తే పట్టపగలు వాళ్ల నాన్న గరాజ్‌లో లైటు కూడా వేసుకోకుండా కూర్చునున్నాడు. ఆ తర్వాత ఆ మాట రాయలేదు. నేను మానేశానని నీ కంప్యూటరుకి తెలియదు కదా?"

"తెలియదు."

"పాల్ తీసెయ్యలేదమ్మా నీమిని. నువ్వూ తీసెయ్యలేదు. ముప్పై ఏడేళ్ల లైల్ గాడు తీసేశాడు, భయంతో."

ఆకలి గడిని తెర మీంచి తీసేద్దామని రోర్క్‌కి రెండు పేజీల ఉత్తరం రాశాను. వచ్చే ఏడు చూద్దామన్నాడు. గడి ఇంకా ఉంది.

ఆయన ఆఖరి రోజున ఐడాకి మళ్లీ జ్వరం. బుట్టలో పెట్టుకుని తెచ్చాను. లైల్ తన సామాను ఒక చిన్న పెట్టెలో సర్దుకుని, నా గదికి వచ్చి, ఎప్పట్లాగే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఐడా ఆయన చూపుడువేలు పట్టుకుంది. అది ఏడోసారి. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, నా బుద్ధి అంతే.

ఆయన జేబులోంచి కార్డు తీశాడు. అంచులు నలిగిపోయాయి. పైన అన్నీ నిండి ఉన్నాయి, చేతులు, పాదాలు, నోరు. పెన్ను మూత తీసి చివరి గడి మీద పెట్టాడు. ఐడా ఆయన్ని చూస్తోంది. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత మూత పెట్టేసి, కార్డు నా చేతికిచ్చాడు. గడిలో సిరా చుక్క ఒకటి మాత్రం ఉంది.

"ఏడుసార్లు చూశారుగా," అన్నాను. "రాయలేదేం?"

వేలు మెల్లగా విడిపించుకుని లేచాడు. మోకాళ్లు పటపటమన్నాయి.

"రాస్తే ఎవరో ఒకరు చదువుతారమ్మా," అన్నాడు.